సున్నపు బొట్లు

జిలానీ తల్లిని పొగే పొట్టన పెట్టుకుంది. ముప్ఫై ఏళ్లు పొయ్యి ముందు దగ్గి దగ్గి ఆమె పోయింది. అందుకే ఫకీరు సత్తార్ తాత దగ్గర శిష్యుడిగా చేరినప్పుడు అతను దువాలు అడగలేదు, జపం చేసుకునే తస్బీ అడగలేదు. కొండ కింద పల్లెలో ఇంటింటికీ పొగలేని పొయ్యి కట్టడానికి అనుమతి అడిగాడు.

రెండేళ్లు కట్టాడు. మట్టి తనే తొక్కాడు. ఆడవాళ్లు వంగి వంగి నడుములు విరగ్గొట్టుకోకూడదని ప్రతి పొయ్యినీ నడుమెత్తు అరుగు మీద లేపాడు. పొయ్యి పూర్తయిన ఇంటి గడప పక్కన సున్నంతో ఒక బొట్టు పెట్టేవాడు. పొద్దున్నే వీధి వెంట నడుస్తూ ఆ బొట్లు లెక్కపెట్టుకోకపోతే అతనికి ముద్ద దిగేది కాదు.

నూట ఎనభయ్యో బొట్టు పెట్టిన రోజు తాత దగ్గరికి వచ్చాడు.

"తాతా, ఈ పల్లెలో పని అయిపాయ. నూటెనభై ఇండ్లు. ఇంగ యాడా పొగ లేదు. అవతలి పల్లెవాళ్లు రేపు బండి పంపిస్తామన్నారు. ఇట్లాంటివే ఆడ మున్నూరు కట్టాల. పోయొస్తా."

"పోదువులే. నాకు సంగటి తినాలని ఉండాది. పద, ఓబులమ్మ ఇంటికి పోదాం" అన్నాడు తాత.

ఓబులమ్మ గడప పక్కన బొట్టు తెల్లగా ఉంది. తాత లోపలికి వెళ్లకుండా వాకిట్లోనే కూర్చుని కళ్లు మూసుకున్నాడు. జిలానీ ఏదో చెప్పబోతే పెదాల మీద వేలు పెట్టాడు.

లోపల ఎవరో దగ్గారు. కాసేపాగి మళ్లీ దగ్గారు. జిలానీ వాళ్లమ్మ అచ్చం ఇలాగే, మధ్యలో ఊపిరి కోసం ఆగి ఆగి దగ్గేది. లోపలికి పరుగెత్తాడు.

ఇంటి నిండా పొగ. మూలన మూడు రాళ్ల పొయ్యి ముందు ఓబులమ్మ గొంతుక్కూర్చుని ఉంది. జిలానీ కట్టిన పొయ్యి మీద ఉల్లిగడ్డల గంప ఉంది.

"ఇదేంది పెద్దమ్మా! అంత బాగా కట్టిచ్చినా గదా!"

"బాగలేదని ఎవురన్నారు నాయనా? దాని మీద పెడితే ఉల్లిగడ్డలు చెడిపోవు."

జిలానీకి ఒళ్లు మండింది. "మంచి చేస్తే ఈళ్లకు పట్టదు తాతా" అన్నాడు.

తాత లోపలికి వచ్చాడు. గంప దించాడు. కొత్త పొయ్యిలో మంట పెట్టించి, సంగటికి నూకలు ఉడుకుతున్న కుండను దాని మీదికి ఎక్కించాడు. ఓబులమ్మ రాగిపిండి పోశాక సంగటి కట్టె తీసి జిలానీ చేతికిచ్చాడు.

"గెలుకు."

జిలానీ గెలికాడు. పిండి గట్టిపడేకొద్దీ కట్టె మొరాయించింది. బరువు మోపుదామంటే కుండ రొమ్ముదాకా ఉంది, వంగే వీల్లేదు. బలంగా తిప్పితే కట్టెతోపాటు కుండా తిరిగింది. పట్టుకోబోయి చెయ్యి కాల్చుకున్నాడు. ఓబులమ్మ గుడ్డతో ఒడిసిపట్టకపోతే సంగటంతా నేలపాలయ్యేది.

ఆమె కుండను మళ్లీ మూడు రాళ్ల మధ్య బిగించింది. పైనుంచి వంగి, ఒంటి బరువంతా వేసి నాలుగు తిప్పులు తిప్పింది. ఒక్క ఉండ మిగల్లేదు. ఆ వెంటే దగ్గు తెర కమ్మేసి ఆమె గోడకు ఆనుకుంది.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అడిగాడు జిలానీ.

"నువ్వెప్పుడు నిలబడినావు నాయనా? బొట్టు పెట్టి పక్కింటికి పోతివి."

జిలానీ వాకిట్లోకి వెళ్లాడు. అక్కడ వదిలిన కొలకర్ర తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఎంత ఎత్తు కావాలో నువ్వే చెప్పు."

ఆమె కర్రను కాలి పక్కన నిలబెట్టి, మోకాలికి బాగా కింద బొగ్గుతో ఒక గీత గీసింది.

జిలానీ బయటికి వచ్చి, అరచెయ్యి తడిపి, గడప పక్కన సున్నపు బొట్టును తుడిచేశాడు.

"మళ్లా ఎప్పుడు పెడతావు?" లోపలినుంచి అడిగింది ఓబులమ్మ.

"నీ దగ్గు నిలిచినాక."

"రేపు బండి వస్తాది. వాళ్లకేం చెప్పాల?" అన్నాడు తాత.

"ఇంగా ఒగ ఇల్లు గూడా కాలేదని చెప్పు తాతా."

పక్కింటి గోడ మీద బొట్టు తెల్లగా ఉంది. జిలానీ దానివైపు చూడలేదు. ఆ ఇంటి వాకిట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.