పగలని ముద్ర

నాలుగు నెలలు కష్టపడి చెక్కిన డేగ రోజూ తెల్లారేసరికి మట్టిపాలవుతోందని ఖాయ్‌కి ఒకటే బాధ.

అతను నైలు ఒడ్డున ఒక గుడికి ముద్రలు చేసిపెట్టే ఇపూయ్ దగ్గర శిష్యుడు. బొటనవేలి గోరంత కంచుబిళ్ల మీద డేగ రూపంలో ఉన్న దేవుణ్ణి చెక్కాడు. మట్టి మీద ఒత్తితే రెక్కల్లో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. సాయంత్రం పూజారి గర్భగుడి తలుపుకి తాడు కట్టి, ముడి మీద మట్టి మెత్తి, ఆ ముద్ర వేస్తాడు. పొద్దున్నే వచ్చి దాన్ని పగలగొట్టి, తలుపు తీసి, దేవుణ్ణి మేలుకొలుపుతాడు.

"గురువుగారూ, నన్ను రాతిగోడల పనికి పంపించండి. అక్కడ చెక్కింది వెయ్యేళ్లుంటుంది. ఇక్కడ పట్టుమని ఒక రోజు కూడా ఉండట్లేదు," అన్నాడు ఖాయ్.

"చూద్దాంలే," అన్నాడు ఇపూయ్.

ఖాయ్ అంతవరకు ఆగితేనా! ఆ సాయంత్రం గుడికి పంపే మట్టిలో గుట్టుచప్పుడు కాకుండా తుమ్మబంక కలిపాడు.

మర్నాడు ముసలి పూజారి ఎంత గింజుకున్నా ముద్ర పగలనంటే పగలనంది. ఆయన గోరు విరిగింది. మేలుకొలుపు పాడేవాళ్లు అదే పాట మూడోసారి ఎత్తుకున్నారు. దేవుడి రొట్టెలు చల్లారిపోయాయి. దేవుడి రూపం మీద సుత్తి దెబ్బ వేయడానికి గానీ, ముద్ర తియ్యకుండా తాడు కోయడానికి గానీ ఎవరికీ చేతులు రాలేదు. కబురందుకుని ఇపూయ్ పరుగున వచ్చాడు. ముద్ర మీద తడిగుడ్డ అదిమిపట్టి, మట్టి నానాక బొటనవేలితో నెమ్మదిగా తుడిచేశాడు.

"ఈ మట్టి కలిపిందెవరు?" పూజారి మండిపడ్డాడు.

"పొరపాటు నాదేనండి," అన్నాడు ఇపూయ్.

వెనకే నిలబడ్డ ఖాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

గురువు తిట్టినా బాగుండేదనిపించింది. పనిశాలకి రాగానే ఖాయ్ తన ఉలులు మూట కట్టుకోబోయాడు. ఇపూయ్ గూట్లోంచి చిన్న చెక్కపెట్టె తీసి అతని చేతిలో పెట్టాడు. పెట్టెకి తాడు కట్టి ఉంది. ముడి మీద పాత మట్టిముద్ర.

ఖాయ్ వెలుతురులోకి తిప్పి చూశాడు. అదీ డేగే. ముక్కు మాత్రం బాతు ముక్కులా ఉంది. అయినా ఎక్కడా ఒక్క పెచ్చు ఊడలేదు.

"ఎవరు చేశారండీ?"

"నేనే. నా మొదటి ముద్ర. మా అన్న ఎడారిలో నీలిరాళ్ల గనులకి వెళ్తూ తన వస్తువులు ఇందులో పెట్టి, నాచేత ముద్ర వేయించాడు. తిరిగొచ్చి తనే పగలగొడతానన్నాడు."

"వెళ్లి ఎన్నాళ్లయిందండీ?"

"ముప్పై ఏళ్లు." ఇపూయ్ పెట్టె తీసుకుని ముద్ర మీది దుమ్ము మెల్లగా ఊదాడు. "చూశావుగా నాయనా, చెక్కుచెదరలేదు."

ఖాయ్ మూట విప్పి ఉలులు మళ్లీ గూట్లో పెట్టాడు. మిగిలిన బంకగిన్నె వాకిట్లోకి తీసుకెళ్లి పారబోశాడు. గిన్నె కడుక్కొచ్చి, సాయంత్రానికి వట్టి ఏటిమట్టి కలపడానికి కూర్చున్నాడు.