పాటు మీద చూసిన మడ

అనగనగా ఒక అడవి. చెట్లు నీళ్ళలో నిలబడే అడవి. దాన్ని మడ అడవి అంటారు. సముద్రం పక్కన, ఉప్పునీళ్ళలో, ఆ చెట్లు వేళ్ళు బయటికి చాపుకుని ఉంటాయి. ఆ వేళ్ళ సందుల్లోనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు, పీతపిల్లలు దాక్కుని పెద్దవవుతాయి.

ఆ అడవి మధ్యలో ఒక ఏరు వచ్చి సముద్రంలో కలిసేది. ఏటికి ఇటు దక్షిణపు మడ, అటు ఉత్తరపు మడ. మనుషులు ఏటినే సరిహద్దు చేసుకుని, ఇటు ఒక రాజ్యం, అటు ఒక రాజ్యం అనుకున్నారు. అది చూసి నీళ్ళలో ఉండే జీవాలు కూడా "ఇవి మా నీళ్ళు, అవి మీ నీళ్ళు" అనడం నేర్చుకున్నాయి.

దక్షిణపు మడలో పెద్దరికం దాలమ్మది. ఆమె ఒక మండపీత. చేయి తిరిగిన మనిషి అంటాం చూడండి, అలాంటి పీత. ఉత్తరపు మడలో పెద్దరికం కన్నమ్మది. ఆమె కూడా మండపీతే. ఇద్దరూ ఒకరినొకరు "వదినా" అని పిలుచుకునేవారు. నోట్లో ఉన్నంత తీపి మనసులో ఉండేది కాదు.

ఒకప్పుడు రెండు మడల్లోనూ పిల్లలు బాగా తగ్గిపోయాయి. నీళ్ళు ఎక్కినప్పుడల్లా పండుగప్పలనే పెద్ద చేపలు లోపలికి వచ్చి, దొరికినవాటిని దొరికినట్టు మింగేసేవి. అప్పుడు ముసలి తాబేలవ్వ రెండు వైపులవాళ్ళనీ ఇసక మేట దగ్గరికి పిలిచింది. తాబేలవ్వ సముద్రం అంతా తిరిగిన మనిషి. ఆమె మాటంటే అందరికీ గురి.

"ఒక ఏడాది పాటు ఒక పని చేసి చూద్దాం. వేళ్ళ కింద ఉన్న పిల్ల ఎవరిదైనా సరే, ఎవరూ ముట్టకూడదు. రెండు మడల ముందూ సొరచేపలు కాపలా ఉంటాయి. వాటిని చూస్తే పండుగప్పలు రావు. ఏడాది తిరిగాక పని ఎలా జరిగిందో చూద్దాం. జరిగినచోట కాపలా ఉంచుదాం. దండగ అనిపించినచోట తీసేసి, వేరే మడకి పంపుదాం" అంది.

"చూసేది ఎవరు అవ్వా?" అని దాలమ్మ అడిగింది.

"నా డిప్ప ఆ వేళ్ళ సందుల్లో పట్టదు. మీరే చూడాలి. నువ్వు వెళ్ళి ఉత్తరపు మడ చూడు. కన్నమ్మ వచ్చి నీ మడ చూస్తుంది. తన ఇంటి సంగతి తను చెప్పుకుంటే ఎవరైనా కాస్త కలిపే చెప్తారు. ఇంకో మాట. పోటు మీద చూడండి, వేళ్ళ కింద నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు. నీళ్ళు దిగిపోయి పాటు మీద ఉన్నప్పుడు చూస్తే ఏ మడైనా ఖాళీగానే ఉంటుంది."

అందరూ సరేనన్నారు.

ఆ ఏడాది దాలమ్మ ఎంత కష్టపడిందో చెప్పలేను. వేళ్ళ సందుల్లో చెత్త తీసేసింది. ఆకలితో ఉన్న కొంగల్ని కూడా బతిమాలి పంపేసింది. తన వేళ్ళ కింద ఎవరినీ ఎవరూ ముట్టకుండా చూసింది. దక్షిణపు గాలి మొదలయ్యాక, అందరి పీతల్లాగే సముద్రంలోకి వెళ్ళి గుడ్లు విడిచి వచ్చింది. వచ్చి గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. ఈ రోజు వస్తాయి, రేపు వస్తాయి అనుకుంది. పిల్లలు రాలేదు. నాలుగు రొయ్యపిల్లలు కనిపిస్తే గొప్ప. శుభ్రంగా ఊడ్చిపెట్టిన ఇల్లు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో, ఆ మడ అలా ఉంది.

చూసే రోజు వచ్చింది. ముందు కన్నమ్మ ఏరు దాటి వచ్చింది. పోటు మీద దక్షిణపు మడంతా తిరిగింది. తిరిగి దాలమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"ఇల్లు అద్దంలా పెట్టుకున్నావు వదినా. ఆడుకునే పిల్లలే లేరు. దిష్టి గానీ తగిలిందా?" అంది.

"నీ కళ్ళు పడ్డాయిగా, ఇక తగలకేం" అంది దాలమ్మ.

కన్నమ్మ నవ్వింది. "మా ఇంటికొస్తే కాలు పెట్టడానికి చోటుండదు. చూసుకుని నడువు, ఎవర్నైనా తొక్కేస్తావు" అని వెళ్ళిపోయింది.

సరదాకే అంది. కానీ దాలమ్మకి ఆ మాట బురదలో దిగిన ముల్లులా దిగింది.

మర్నాడు దాలమ్మ ఉత్తరపు మడకి వెళ్ళింది. పోటు మీదే వెళ్ళింది.

మొదటి చెట్టు కింద చూసింది. రొయ్యపిల్లలు వాన చినుకుల్లా ఎగిరెగిరి పడుతున్నాయి. "మా నీళ్ళలాంటి నీళ్ళే కదా" అనుకుంది. గుండెలో ఏదో గుచ్చుకుంది.

రెండో చెట్టు కింద చూసింది. చేపపిల్లలు గుంపులు గుంపులుగా ఇటు తిరిగి, అటు తిరిగి మెరుస్తున్నాయి. "నేను పడ్డ కష్టంలో సగం కూడా పడి ఉండదు" అనుకుంది. గుచ్చుకున్నది మంటగా మారింది.

మూడో చెట్టు కింద చూసింది. పీతపిల్లలు. ఎటు చూసినా పీతపిల్లలే. వేళ్ళ మీద ఎక్కేవి, జారేవి, ఒకదాని వీపు మీద ఒకటి కూర్చునేవి. దాలమ్మ కాళ్ళు కదల్లేదు. వీపు మీద తెల్లమచ్చ ఉన్న ఒక ఆడపిల్ల వచ్చి, దారికి అడ్డంగా నిలబడి, కందిగింజంత ముందుకాళ్ళ డెక్కలు పైకెత్తింది.

"ఎవరు నువ్వు? మా ఇంట్లోకి చెప్పకుండా వస్తావా?" అంది.

"ఇంతలేవు, అంత పొగరేమిటే నీకు? మీ అమ్మ నేర్పిందా?" అంది దాలమ్మ.

"మా అమ్మ ఎవరో నాకు తెలీదు. కన్నమ్మత్త చూసుకుంటుంది."

"చూసుకుంటుంది, చూసుకోక. నలుగురికీ చూపించుకోవద్దూ" అని దాలమ్మ విసురుగా పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఏటి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు వెళ్ళి అవ్వకి ఏం చెప్పాలి? కన్నమ్మ మడ కళకళలాడుతోందని తన నోటితో తనే చెప్పాలి. అందరూ కన్నమ్మని మెచ్చుకుంటుంటే పక్కన నిలబడాలి. తన మడ సంగతి వచ్చేసరికి తల దించుకోవాలి. పైగా తన ఇంటి ముందు కాపలా తీసేస్తారేమో.

అబద్ధం చెప్పడానికి మాత్రం భయం వేసింది. కాబట్టి ఏం చేసిందో తెలుసా? అక్కడే కూర్చుంది. పోటు తగ్గేదాకా కూర్చుంది. నీళ్ళు దిగాయి. చేపలు, రొయ్యలు నీళ్ళతో పాటే సముద్రంలోకి జరిగాయి. పీతపిల్లలు బురద బొరియల్లో దూరి పడుకున్నాయి. అప్పుడు లేచి మళ్ళీ ఉత్తరపు మడలోకి వెళ్ళింది. మొదటి చెట్టు కింద చూసింది, బురద. రెండో చెట్టు కింద చూసింది, బురద. మూడో చెట్టు కింద కూడా బురదే.

"నా కళ్ళతో చూశాను. ఇందులో అబద్ధమేముంది?" అనుకుంటూ ఏరు దాటింది.

ఇసక మేట దగ్గర అందరూ చేరారు. తాబేలవ్వ ముందు కన్నమ్మని అడిగింది.

"దక్షిణపు మడలో పిల్లలు లేరవ్వా" అంది కన్నమ్మ. అక్కడితో ఆగకుండా ఇంకా చెప్పింది. "కానీ పని తప్పు ఎక్కడా లేదు. వేళ్ళు నా ఇంట్లో కంటే శుభ్రంగా ఉన్నాయి. తిన్న గుర్తులు కూడా లేవు. వచ్చిన పిల్లల్ని తినేయడం కాదు, అసలు రానేలేదు. ఎందుకు రాలేదో నాకు తెలీదు. అది తేలేదాకా కాపలా తియ్యొద్దు."

ఆ మాటకి దాలమ్మ చల్లబడాల్సింది. ఇంకా మండింది. పేరు కోసం జాలి చూపిస్తోంది అనుకుంది.

"నువ్వు చెప్పు దాలమ్మా. పోటు మీద వెళ్ళావా?"

"వెళ్ళానవ్వా."

"అన్ని చెట్ల కిందా చూశావా?"

"చూశాను. ఖాళీ బురద. నా కళ్ళతో చూశాను."

కన్నమ్మ నోరు తెరిచింది. "అదేమిటి వదినా? కాలు పెట్టడానికి చోటు లేదు కదా?"

"నీ ఇంటి సంగతి నువ్వు చెప్పుకోకూడదనే కదా నన్ను పంపారు" అంది దాలమ్మ.

తాబేలవ్వ ఆలోచించింది. ఆమెకి లోపలికి వెళ్ళి చూసే వీల్లేదు. పెట్టుకున్న కట్టుబాటు తనే తప్పడం ఎలా? "ఉత్తరపు మడ కాపలా వేరే చోటికి పోనీ. దక్షిణపు మడ కాపలా ఉండనీ. పిల్లలు ఎందుకు రావడం లేదో నేను నీళ్ళ వెంట వెళ్ళి కనుక్కుని వస్తాను" అంది.

సొరచేపలు వెళ్ళిపోయాయి. కన్నమ్మ ఏరు దాటుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. ఈసారి వదినా అని పిలవలేదు.

దాలమ్మకి ఆ రోజు కడుపు నిండినట్టే అనిపించింది. తర్వాత పోటుకి పండుగప్పలు ఉత్తరపు మడలోకి వెళ్ళడం ఇవతలి నుంచి చూసింది. నీళ్ళు అల్లకల్లోలం అయ్యాయి. "నాకేం, అవి వాళ్ళ నీళ్ళు" అనుకుని బొరియలోకి వెళ్ళి కూర్చుంది. నిద్ర మాత్రం పట్టలేదు.

కొన్నాళ్ళకి గాలి మళ్ళింది. తాబేలవ్వ తిరిగి వచ్చింది. అలసిపోయి ఉన్నా ముఖంలో సంతోషం ఉంది. నేరుగా దక్షిణపు మడ అంచుకి వచ్చి దాలమ్మని పిలిచింది.

"దొరికింది దాలమ్మా. దక్షిణపు గాలి ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఉత్తరానికి నడుస్తాయి. మీరు సముద్రంలో విడిచిన గుడ్లన్నీ ఆ నీళ్ళతోనే కొట్టుకుపోయి ఉత్తరపు మడలో తేలతాయి. అక్కడే పిల్లలై పెరుగుతాయి. ఇప్పుడు గాలి మళ్ళింది కదా, అవి ఇంటికి వస్తాయి. ఈ గాలిలో కన్నమ్మ వాళ్ళ గుడ్లు నీ వేళ్ళ కిందికి వస్తాయి. ఇన్నాళ్ళూ నాకూ తెలీదు. పిల్లలు ఎందుకు రాలేదో తేలాలని కన్నమ్మ అనకపోతే నేను వెళ్ళేదాన్నే కాదు."

దాలమ్మ వింటూ ఉంది. ఆమె డెక్కలు రెండూ నేల మీదికి జారిపోయాయి.

"ఏమే, సంతోషంగా లేదా?"

"అవ్వా, అక్కడ నేను చూసిన పిల్లలు..."

"ఖాళీ అన్నావు కదా?"

"పాటు మీద ఖాళీ" అంది దాలమ్మ. "పోటు మీద నిండుగా ఉంది. రెండుసార్లు చూశాను. రెండోది చెప్పాను."

తాబేలవ్వ తిట్టలేదు. "సొరచేపల్ని నేను పిలుచుకొస్తాను. కన్నమ్మ దగ్గరికి నువ్వే వెళ్ళాలి" అని నీళ్ళలోకి దిగింది.

దాలమ్మ ఏరు దాటింది. ఉత్తరపు మడలో పోటు నిండుగా ఉంది. మొదటి చెట్టు కింద ఒకటీ అరా రొయ్యలు. రెండో చెట్టు కింద చేపలే లేవు. మూడో చెట్టు కింద ఒక బొరియ ముందు కన్నమ్మ అడ్డంగా కూర్చుని ఉంది. ఒళ్ళంతా దెబ్బలు. ఒక కాలు లేదు. ఆమె వెనక బొరియలో చిన్న చిన్న కళ్ళు మెరుస్తున్నాయి.

"మళ్ళీ చూడ్డానికి వచ్చావా?" అంది కన్నమ్మ. "ఇప్పుడు చూసుకో. నువ్వు చెప్పినట్టే ఉంది."

"అవి నా పిల్లలు కన్నమ్మా" అంది దాలమ్మ. తాబేలవ్వ చెప్పినదంతా చెప్పింది. తను చేసినది కూడా చెప్పింది. ఏదీ దాచలేదు.

"ఎవరివైతే ఏం, ముట్టకూడదనే కదా అనుకున్నాం" అంది కన్నమ్మ. "అన్నీ దక్కలేదు. దక్కినంత దాచాను. తీసుకుపో."

ఈలోగా సొరచేపలు వచ్చాయి. పండుగప్పలు పారిపోయాయి. పిల్లలు బొరియలోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. దాలమ్మ వాటిలో ఒకదాని కోసం వెతికింది. ఆఖరున వచ్చింది, వీపు మీద తెల్లమచ్చ ఉన్న పిల్ల. దాలమ్మని చూడగానే దారికి అడ్డంగా నిలబడి డెక్క పైకెత్తింది. ఒక్కటే ఎత్తింది. రెండోది లేదు.

"డెక్క ఏదే?" అంది దాలమ్మ.

"పండుగప్ప తినేసింది. మళ్ళీ మొలుస్తుందట. కన్నమ్మత్త చెప్పింది" అంది ఆ పిల్ల. తర్వాత అడిగింది. "మా సొరచేపల్ని ఎవరో పంపించేశారట. నీకు తెలుసా ఎవరో?"

కన్నమ్మ వేరే వైపు చూసింది. చెప్పకపోయినా జరిగిపోయేది.

"నేనే" అంది దాలమ్మ.

ఆ పిల్ల ఎత్తిన డెక్కని దించలేదు. చాలా దూరం దాకా అలాగే ఎత్తిపట్టుకుని, దాలమ్మకి కాస్త ఎడంగా నడిచింది. ఏటి మధ్యకి వచ్చాక నీటి వడి ఎక్కువైంది. అప్పుడు దించి, ఆ డెక్కతో దాలమ్మ కాలు పట్టుకుంది.

ఆ గాలి ఉన్నన్నాళ్ళూ కన్నమ్మ వాళ్ళ గుడ్లు దక్షిణపు మడలోకి వచ్చి పిల్లలయ్యాయి. దాలమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. గాలి మళ్ళీ మారేలోగా కన్నమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు, కాలు పెట్టడానికి చోటు లేక ఏటి దగ్గరే ఆగింది.

"చూసుకుని నడువు వదినా, అవి నీవే" అంది దాలమ్మ.

నీతి: పక్కవారి ఇల్లు నిండుగా ఉందని కళ్ళు మండించుకోకండి, ఆ నిండుదనంలో మన పిల్లలు కూడా ఉండవచ్చు. చూసినది చూసినట్టు చెప్పండి.