ఎవరూ చూడని చుట్టు

అనగనగా ఒక అడవిలో, ఎండలు ముదిరాక ఒకే ఒక్క కుంటలో నీళ్లు మిగిలేవి. అందరూ అక్కడే తాగాలి. ఎవరు ముందు తాగాలన్నదే తగాదా. రోజూ తగాదా ఎందుకని పెద్దలు ఒక పందెం పెట్టారు. కుంట చుట్టూ మూడు చుట్లు పరుగెత్తాలి. గెలిచినవాళ్ల మందే ఆ వేసవంతా ముందు తాగుతుంది.

నిరుడు దుబ్బడు అనే అడవిపంది గెలిచాడు. పందులు నీళ్లు తాగడమంటే నీళ్లలో పొర్లడమే. అవి తాగి లేచాక మిగిలేది బురద. ఆ బురద తాగి, చెంగవి అనే జింకపిల్ల తమ్ముడు వేసవంతా కడుపునొప్పితో మూలిగాడు.

నిరుడు చెంగవి కూడా పరుగెత్తింది. ఆ పందెంలో ఒక ఆచారం ఉంది. ముందు పరుగెత్తేవాళ్ల మీద కొండముచ్చులు చెట్లపైనుంచి ఇప్పపూలు చల్లుతాయి. గోరింక కొమ్మమీద కూర్చుని వాళ్ల పేరే అరుస్తుంది. ఆ పూలన్నీ తన మీదే పడాలనుకుంది చెంగవి. మొదటి చుట్టంతా పడ్డాయి. మూడో చుట్టుకి ఊపిరి అందలేదు. అందరికంటే ఆఖరున వచ్చింది.

ఈ ఏడు పందెం ముందురోజు పెద్దమ్మ ఆమెను పిలిచింది. ముసలి జింక. వయసులో ఉన్నప్పుడు ఇదే పందెం గెలిచింది.

“ఒసే చెంగవీ, రెండో చుట్టులో ఏం జరుగుతుందో చెప్పు.”

“ఏం జరుగుతుంది పెద్దమ్మా? కొండముచ్చులు కిందికి దిగి పూలు ఏరుకు తింటాయి. గోరింక చెదపురుగుల వేటకి పోతుంది. ఎవరూ చూడరు.”

“చూసేవాళ్లు లేరని పందెగాళ్లూ నడుస్తారు. నువ్వు నడవకు. మొదటి చుట్టులో ఊపిరి దాచుకో. పూలు వద్దు.”

“ఒక్కటి కూడానా?”

“పూలు కావాలో నీళ్లు కావాలో నువ్వే చూసుకో,” అంది పెద్దమ్మ.

మర్నాడు పొద్దున్నే ఉడుము తాత తోకతో నేల మీద ఒక్కటి కొట్టాడు. పందెం మొదలైంది.

నక్క సొగసయ్య ముందుకి దూకాడు. వెనకే దుబ్బడు. ఆఖరున చెంగవి. పూలు జలజలా రాలాయి. సొగసయ్య తల వంచి దండాలు పెడుతూ పరుగెత్తాడు.

“సొగసయ్యా! సొగసయ్యా!” గోరింక గొంతు చించుకుంది.

“నిరుటి పూలపిల్ల ఏదిరా?” అడిగిందో కొండముచ్చు.

“అదుగో, వెనక దుమ్ము తింటోంది!” అంది ఇంకోటి.

చెంగవి చెవులు వేడెక్కాయి. సొగసయ్యను దాటడం ఆమెకు చిటికెలో పని. నాలుగు గంతులు వేస్తే పూలన్నీ తనవే. కాలు ముందుకి లేచింది కూడా. అంతలో కుంట గట్టు మీద తమ్ముడు కనిపించాడు. ఇంకా బక్కగానే ఉన్నాడు.

“నీళ్లు,” అనుకుంది చెంగవి. తన అడుగు మార్చలేదు.

రెండో చుట్టు మొదలైంది. కొండముచ్చులు కిందికి దిగాయి. గోరింక ఎగిరిపోయింది. సొగసయ్య, దుబ్బడు ఇద్దరూ నడకలోకి దిగారు.

“ఒంట్లో ఎలా ఉంది బావా?” అన్నాడు సొగసయ్య.

“పర్లేదు. మోకాళ్లే కాస్త పీకుతున్నాయి.”

చెంగవి వాళ్ల పక్కనుంచి అదే అడుగుతో సాగిపోయింది.

“ఏం పిల్లా, అంత తొందరేంటి? చూసేవాళ్లు ఎవరున్నారని?” దుబ్బడు నవ్వాడు.

“ఎవరూ లేరు మామా,” అంటూనే చెంగవి దాటిపోయింది.

“పోనీ బావా. మూడో చుట్టులో పట్టేద్దాం,” అన్నాడు సొగసయ్య.

మూడో చుట్టు వచ్చేసరికి కొండముచ్చులు బుగ్గల నిండా పూలు కుక్కుకుని చెట్లెక్కాయి. గోరింక తిరిగొచ్చి కిందికి చూసింది. ముక్కున ఉన్న పురుగు జారిపోయింది.

“అరె! ముందున్నది చెంగవేనా? ఇది ఎప్పుడొచ్చింది?”

“అది ఆగలేదమ్మా,” అంది గట్టు మీది పెద్దమ్మ. “మీరే చూడటం ఆపారు.”

దుబ్బడికి అప్పుడు తెలిసొచ్చింది. తల వంచి దూసుకొచ్చాడు. నేల అదిరింది. సొగసయ్య కూడా పరుగు లంకించుకున్నాడు గానీ, కాలు పట్టేసి దారి పక్కన కూలబడ్డాడు. దుబ్బడి ఊపిరి చెంగవి వెనక కాళ్లకు వేడిగా తగిలింది. ఆమె వెనక్కి చూడలేదు. దాచుకున్న ఊపిరంతా అప్పుడు ఖర్చు పెట్టింది. పందెం ముగిసేచోట గురుతుకి కట్టిన తీగను ఛాతీతో తెంపింది.

“మెడంత తేడా,” ప్రకటించాడు ఉడుము తాత. “ఈ వేసవి జింకలే ముందు.”

“ఇంకాస్త దూరం ఉంటేనా, నేనే గెలిచేవాణ్ణి,” రొప్పుతూ అన్నాడు దుబ్బడు.

“ఉందిగా మామా. రెండో చుట్టంతా ఉంది,” అంది చెంగవి.

కొండముచ్చులు పూల కోసం బుగ్గలు తడుముకున్నాయి. అప్పటికే మింగేశాయి. చెంగవి అటు చూడనే లేదు. తమ్ముణ్ణి తీసుకుని కుంటలోకి దిగింది. వాడు వంగి, తాగబోయి ఆగిపోయాడు.

“అక్కా! నీళ్లలో నా మొహం కనబడుతోంది!”

“ముందు తాగు. మొహం తర్వాత చూసుకుందువు గాని,” అంది చెంగవి.

నీతి: ఎవరూ చూడనప్పుడు కూడా పని ఆపనివాళ్లే, అందరూ చూసేటప్పటికి ముందుంటారు.