కునుకులమ్మ కళ్ళు మూసుకున్న వైనం

ఎర్రమల కొండల అంచున, రాతిమడుగు గ్రామానికి ఉత్తరాన ఉన్న చిన్న గుట్టపై వెలసిన తల్లి శ్రీ కునుకులమ్మ. గ్రామదేవతలంటే చేటంత కళ్ళు తెరిచి ఊరిని కాచే మూర్తులే మనకు తెలుసు. ఈ తల్లి మాత్రం ఒడిలో బిడ్డతో, తల కాస్త పక్కకు వాల్చి, కళ్ళు మూసుకొని ఉంటుంది. తొలిసారి వచ్చిన భక్తులు శిల్పి పని సగంలో మానేశాడా అని పూజారిని అడగడం పరిపాటి. అందుకు పెద్దలు చెప్పే వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. అమ్మవారు రూపం లేని నల్లరాయిగా పూజలందుకునేది. గుట్ట కింద బొల్లప్ప అనే రాతిపనివాడు రోళ్ళు, తిరగళ్ళు మలిచి జీవించేవాడు. అతని తల్లి ఓబులమ్మ, భార్య నారసమ్మ. ఆ దంపతులకు చాలాకాలానికి కలిగిన ఆడబిడ్డ సుంకి.

సుంకి గోడ పట్టుకొని నిలబడే ఈడుకు వచ్చింది. అన్నప్రాసన అయింది, కింది పళ్ళు మొలిచాయి. పగలంతా ఆటే. రాగిజావ పెడితే ఉమ్మేసేది. చన్ను అందిస్తే ఒకటి రెండు గుక్కలు తాగి, వచ్చేపోయేవాళ్ళ వంక తిరిగేది. పగలు వదిలిన పాలన్నీ రాత్రి అడిగేది. నారసమ్మకు కన్ను మూతపడేలోగా బిడ్డ లేచేది. తెల్లారితే మళ్ళీ పొలం, పొయ్యి, నీళ్ళబిందె.

ఓబులమ్మకు కోడలిని చూస్తే జాలి వేసింది. "నారసా, ఇంక పాలు మాన్పించు. చన్నుకు యాపాకు నూరి పూస్తే అదే మానుకుంటాది. కడుపునిండా సంగటి తింటే తెల్లారేదాకా నిద్దరపోతాది" అన్నది. తన బిడ్డలకూ అలాగే చేశానని ధైర్యం చెప్పింది.

నారసమ్మ ఆ మాట విన్నది. చేదు తగిలిన బిడ్డ బెదిరి ఏడ్చింది. పాలకు నోరు పెట్టలేదు. నోటి దగ్గరకు వచ్చేదంతా చేదేనని తలచిందో ఏమో, జావగిన్నెనూ తోసేసింది. పొద్దులు గడిచేకొద్దీ బిడ్డ వాడిపోయింది. తల్లికి పాలు గడ్డకట్టి జ్వరం తగిలింది. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె బిడ్డనెత్తుకొని గుట్ట ఎక్కి, "తల్లీ, పాలిస్తే నాకు నిద్దర లేదు, మానిస్తే బిడ్డ దక్కేట్టు లేదు. కలలో కనపడి దారి చెప్పు" అని రాయి ముందు సాగిలపడింది.

అమ్మవారు ఆలకించింది. అయితే కలలోకి రావాలంటే ఆ తల్లి నిద్రపోవాలి కదా! అమ్మవారు ఆ ఇంటి గడప దాటి లోపలికి వచ్చేసరికి బిడ్డ ఏడుపు, నారసమ్మకు మెలకువ. ఎన్నిమార్లు వచ్చినా ఇదే తంతు. చివరకు అమ్మవారు విసిగి, పక్కనే గాఢనిద్రలో ఉన్న బొల్లప్ప కలలోకి దిగింది.

"ఒరే బొల్లప్పా! నీ పెండ్లానికి చెప్పాల్సిన మాట ఒకటుంది. చెబుదామంటే ఆమెకు కలొచ్చేంత నిద్దర ఏదిరా? లేచి బిడ్డనెత్తుకో."

బొల్లప్ప ఉలిక్కిపడి లేచి, బిడ్డను భుజాన వేసుకొని వాకిట్లో తిరిగాడు. బిడ్డ ఏడుస్తూనే ఉంది, అతను తిరుగుతూనే ఉన్నాడు. ఎప్పటికో ఆ గరుకు భుజం మీదే దానికి కునుకు పట్టింది. తెల్లవారాక ఓబులమ్మ అందుకున్నది. నారసమ్మ పొద్దు బారెడెక్కినా లేవలేదు.

అప్పుడు అమ్మవారు ఆమె పక్కన కూర్చున్నదట. "పాపా, యాపాకు నాది. రోగానికిచ్చినాను గానీ, బిడ్డ నోరు చేదు చేసేదానికి కాదు. కడిగేసి పాలియ్యి. పగలు సందడి లేనిచోట తాపు. పాలతో పాటు మెత్తని ముద్ద పెట్టు, తిన్నంతే తిననీ. రాత్రి మూలిగిన ప్రతిసారీ ఆకలే గాదు. ఒక్కోసారి మనిషి కావాల. ఆ మనిషివి నువ్వే గానక్కరలేదు" అన్నది. ఆపై, "నాకూ ఊరు కాసి కాసి కండ్లు మండుతాండాయి, కొంచెం జరుగు" అంటూ పక్కనే ఒరిగి నిద్రపోయిందట.

నారసమ్మ లేచి, శుభ్రంగా కడుక్కొని పాలందించింది. సుంకి జంకింది, వాసన చూసింది, ఆపై గుటకలు వేసింది. ఓబులమ్మ కన్నీళ్ళు తుడుచుకొని, కొర్రన్నం మెత్తగా పిసికి పెసరకట్టు కలిపింది. బిడ్డ ఒకనాడు తిన్నది, ఒకనాడు ఉమ్మింది. రాత్రి కదిలితే ముందు తండ్రి చెయ్యి జోకొట్టేది. దానికీ ఊరుకోకపోతే పాలు ఉండనే ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ నిద్ర సాగింది, ఒళ్ళు తేరింది.

బొల్లప్ప నల్లరాయి పక్కన, భార్య కలలో కన్నట్టే కళ్ళు మూసుకున్న అమ్మవారి మూర్తిని, ఒడిలో ఒక బిడ్డను చేర్చి మలిచాడు. చూసిన గ్రామస్థులు, "కండ్లు మూసుకుంటే ఊరినెవరు కాస్తారు?" అని ఆక్షేపించారు. ఓబులమ్మ ముందుకొచ్చి, "ఇన్నాళ్ళూ ఆమే కాసింది గదా. ఆమె కునుకు తీసేంతసేపు మనం కాయలేమా?" అన్నది. గ్రామస్థులే ఆ మూర్తికి గుడి కట్టారు.

నేటికీ మధ్యాహ్న నివేదన కాగానే గుడి తలుపులు వేస్తారు. బిడ్డతల్లులు మంటపంలో చాపలపై పడుకుంటారు. తండ్రులు, అవ్వలు బిడ్డలనెత్తుకొని గుట్టచుట్టూ తిరుగుతారు. కొర్రన్నం పెసరకట్టు ప్రసాదాన్ని తల్లి కాక మరొకరు తినిపించడం ఆచారం. పాలకు ఏడ్చిన బిడ్డను తల్లి దగ్గరికి తేవడంలో దోషం లేదు. మొక్కిన రాత్రి నుంచే బిడ్డలు లేవకుండా పడుకుంటారని ఇక్కడ ఎవరూ చెప్పరు. సుంకికే దవడపళ్ళు వచ్చినప్పుడు మళ్ళీ కొన్నాళ్ళు మెలకువలు తప్పలేదట.

సాయంత్రం తలుపులు తెరిచే వేళకు ఏ తల్లి అయినా ఇంకా నిద్రలో ఉంటే, ఆమె తనంతట లేచేవరకు పూజారి హారతి వెలిగించడు. అంతసేపూ ఆమె బిడ్డనెత్తుకొని నిలుచున్నవారికే ఆనాటి తొలి తీర్థం.