ముద్ర మింగిన సయ్యద్

ఇరాక్ దేశంలో నజఫ్ జియారత్ ముగించుకుని దక్షిణంగా వెళ్ళే యాత్రికులకు, యూఫ్రటీస్ నది నుంచి చీలిన ఒక కాలువ పక్కన మట్టిరంగు గుమ్మటం కనిపిస్తుంది. అది అబూతీన్ ఊరి దర్గా. లోపల పచ్చని గుడ్డ కప్పిన గోరీలో సయ్యద్ గజ్వాన్ అనే మహనీయుడు ఉన్నారు. బతికిన రోజుల్లో ఆయన కాలువ నీళ్ళ తగాదాలు తీర్చేవారు. కానీ ఊళ్ళో ఎవరూ ఆయన్ని గజ్వాన్ అనరు. ముద్ర మింగిన సయ్యద్ అంటారు. చనిపోయి మూడు వందల ఏళ్ళు దాటిన మనిషి ముద్ర ఎలా మింగాడని అడిగితే, దర్గా చూసుకునే ముజావర్ మొదట టీ ఇచ్చి కూర్చోబెడతాడు. తర్వాత ఈ కథ చెబుతాడు.

పూర్వం ఇక్కడ తుర్కీ సుల్తాను ఏలుబడి సాగేది. పెద్ద యుద్ధంలో ఆ సుల్తాను కూలిపోయాడు. సముద్రం వైపు నుంచి ఇంగ్లీషు సైన్యం వచ్చింది. "మేము జయించడానికి రాలేదు, మిమ్మల్ని విడిపించడానికి వచ్చాం, ఇక అరబ్బులే అరబ్బులను ఏలుకుంటారు" అని బజారుల్లో చాటించారు. జనం నమ్మారు. రెండేళ్ళు తిరగకముందే మాట మారింది. మీకింకా ఏలుకునే వయసు రాలేదు, వచ్చేదాకా మేం చెయ్యి పట్టుకుని నడిపిస్తాం అన్నారు. ఇల్లు కాలినవాడికి నిప్పార్పి, ఆ ఇంట్లోనే మంచం వేసుకోవడం అంటే ఇదే. పైగా అలా నడిపించమని జనమే బతిమాలుకున్నట్టు కాగితాలు కావాలి. అందుకని ఊరూరా దస్తావేజులు పట్టుకుని తిరిగారు.

ఆ రోజుల్లో దర్గా ముజావర్ ముతషర్. అక్షరం రాని మనిషి, పిరికివాడు. ఊరి ఇత్తడి ముద్ర ఆయన దగ్గరే ఉండేది. ఏ తెగ పెద్ద చేతిలో పెట్టినా మిగతావాళ్ళు ఒప్పుకోరు కనుక, సయ్యద్ గారి ఇంటి మనిషికి అప్పగించారు. ఆ ముద్ర పడిందంటే ఊరంతా మాట ఇచ్చినట్టే.

ఒక శుక్రవారం ఇంగ్లీషు దొర, బాగ్దాదు నుంచి తెచ్చుకున్న దుబాసీ జవాద్ ఎఫెండీ దర్గా వాకిట్లో దిగారు. ఎఫెండీ కాగితం తీసి గడగడా చదివాడు. పట్నపు భాష, పుస్తకాల అరబ్బీ. పెద్దలు తలలు వంచుకుని విని, "సమిఅనా" అన్నారు. అంటే విన్నాం అని. ఈ ఊళ్ళో అది మర్యాద మాట. విన్నాం అన్నాక చెప్పినవాడు "మరి మీరేమంటారు?" అని అడగాలి. అప్పుడే అసలు జవాబు వస్తుంది. పెళ్ళి మాటలైనా, నీళ్ళ తగాదా అయినా అంతే.

ఎఫెండీ అడగలేదు. కాగితం అడుగున 'ఒప్పుకున్నాం' అని రాసుకున్నాడు. పెద్దలు ఆ 'మరి' కోసం నోళ్ళు మూసుకుని చూస్తూ కూర్చున్నారు.

"ముద్ర తెచ్చిపెట్టు, పెద్దాయనా," అన్నాడు ఎఫెండీ ముతషర్‌తో. "సాయంత్రం అసర్ నమాజు వేళకి వస్తాం. కాలువ అవతలి ఊరివాళ్ళు ముద్ర వెయ్యం అన్నారు. వాళ్ళ గతి చూశావుగా?"

ముతషర్ చూశాడు. ఆయన కూతురు ఫద్దా అత్తవారు ఆ ఊరివాళ్ళే. వాళ్ళు కాదన్న మూడో రోజున ఆకాశంలోంచి రెండు విమానాలు వచ్చి బాంబులు వేశాయి. ఫద్దా పిల్లను చంకనేసుకుని పుట్టింటికి పరుగెత్తుకొచ్చింది. అప్పటి నుంచి తుమ్మెద ఎగిరినా పిల్ల మంచం కిందకి దూరేది.

ముద్ర వేసేద్దామనే అనుకున్నాడు ముతషర్. దాచడానికేముంది? సిరా బుడ్డి మూత తీశాడు, ముద్ర సిరాలో ముంచాడు. చొక్కా మీద నల్లమరకలు పడ్డాయి. ఎండ మండిపోతోంది. కాగితం వచ్చేదాకా గోరీకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూతపడ్డాయి.

కలలో సయ్యద్ గజ్వాన్ ఎదురుగా కూర్చుని ఉన్నారు. గడ్డం నిండా మట్టి.

"ఒప్పుకున్నామని మీ నోటితో అన్నారా?"

"అనలేదు, స్వామీ."

"మరి నీ చేతిలో ఉన్నది ఎవరి నోరు?"

ముతషర్ చేతిలోని ముద్ర వైపు చూసుకున్నాడు.

"పట్టుకోలేకపోతే నాకియ్యి," అని ఆయన నోరు తెరిచారు.

ముతషర్ ఉలిక్కిపడి లేచాడు. గోరీ తలవైపు, ఇటుకల మధ్య రెండు వేళ్ళు పట్టేంత బెజ్జం ఉంది. ఆలోచిస్తే చెయ్యలేనని తెలిసి ఆలోచించలేదు. ముద్రను అందులో జారవిడిచాడు. అది ఎక్కడో లోతున ఠంగుమంది.

అసర్ వేళకు దొర వచ్చాడు. ముతషర్ లేచి వాకిట్లోకి వచ్చాడు. "ముద్ర సయ్యద్ గారు తీసుకున్నారు," అన్నాడు.

ఎఫెండీ ముఖం పాలిపోయింది. "ఇది నేను దొరకు ఎలా చెప్పనయ్యా? నన్ను పిచ్చివాడనుకుంటాడు!"

వెనక నుంచి ముతషర్ అత్తగారు హస్నా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "అనుకోనీ, నాయనా. ఆ కాగితం మళ్ళీ చదువు. ఈసారి మనుషుల భాషలో చదువు. మా గేదె కూడా నీకంటే అర్థమయ్యేట్టు అరుస్తుంది."

ఎవరో పక్కున నవ్వి, దొరను చూసి ఆపుకున్నారు. ఎఫెండీ చదవక తప్పలేదు. 'మాకు అరబ్బు ప్రభుత్వం వద్దు, ఇంగ్లీషువారే మమ్మల్ని ఏలాలని వేడుకుంటున్నాం' అని వాకిలంతా విన్నది.

"విన్నాం," అంది హస్నా. "ఇప్పుడు మేమేమంటామో అడుగు."

ఎఫెండీ దొర వైపు చూశాడు. అడగలేదు.

"అడగకపోయినా చెబుతున్నా. వద్దు."

వాకిట్లో ఒక్కొక్కరే వద్దు, వద్దు అన్నారు. ముతషర్ కూడా అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. గోరీ తవ్వితే నది పొడుగునా తెగలన్నీ లేస్తాయని దొరకు తెలుసు. కాగితం మడిచి వెళ్ళిపోయాడు. అందులో ముద్ర ఉండవలసిన చోటు ఖాళీగానే ఉంది.

మూడో రోజున విమానాలు వచ్చాయి. హస్నా ముందే ఊరిని ఖర్జూర తోటల్లోకి తోలింది. ఫద్దా పిల్ల నోరు నొక్కిపట్టి బోదెలో పడుకుంది. ముతషర్ ఒక్కడే గోరీని విడిచి రాలేదు. గుమ్మటం పడమటి సగం కూలింది. ఇటుకల కింద నుంచి ఆయన్ని ప్రాణాలతో తీశారు. రెండు చెవులూ వినబడకుండా పోయాయి.

తర్వాత ఆ దేశానికి ఒక రాజును తెచ్చారు. రాజు వచ్చాడు గానీ, వెనక కూర్చుని చెప్పే దొరలు లేచిపోలేదు. ఆ తగాదా చాలా ఏళ్ళు నడిచింది.

ముతషర్ ఇంకా పదకొండేళ్ళు బతికాడు. తగాదా పడి ఎవరు వచ్చినా వాళ్ళను ఎదురుగా నిలబెట్టి, "మరి మీరేమంటారు?" అని అడిగి, పెదవులు చూసేవాడు. తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు.

నేటికీ ఇక్కడ అదే ఆచారం. నికా పత్రమైనా, పొలం దస్తావేజైనా, పరదేశపు కూలి ఒప్పందమైనా సంతకానికి ముందు తెచ్చి గోరీ ఎదుట పైకి చదివిస్తారు. చదువురాని వాళ్ళకు తెలిసే భాషలో చదవాలి. బెదిరింపుకు లొంగి మాట పెగలనివారికి ఇక్కడ నోరు వస్తుందని నమ్మకం. జియారత్‌కు వచ్చే మన వాళ్ళు కూడా దుబాయి కాగితాలు తెచ్చి చదివించుకుంటూ ఉంటారు. అంతా విని, విన్నాం అన్నాక, ముజావర్ రెండు చేతులతో తన చెవులు మూసుకుంటాడు. భర్తగానీ, తండ్రిగానీ, దళారీగానీ పక్కనుంచి ఎంత చెప్పినా ఆయనకు వినబడదు. ఆయన కళ్ళు సంతకం చెయ్యవలసిన మనిషి పెదవుల మీదే ఉంటాయి. మొన్న రంజానుకు ముందు ఒక పెళ్ళికూతురు పొద్దెక్కేదాకా పెదవి కదపక నిలబడిపోయింది. వెంట వచ్చినవాళ్ళు విసుక్కున్నారు. ముజావర్ చేతులు దించలేదు.