అయిదు నిమిషాల దూరం

చింతలగుట్టలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురం పెట్టిందని గవరయ్య నమ్మకం. భార్య నూకాలు, తమ్ముడు అప్పలకొండ కూడా అదే మాట అనేవారు. ఊళ్ళో ఇంకెవరూ అనేవారు కాదు. వాళ్ళకి తెలివి లేదు కదా!

ఒకరోజు ఉప్పుదిబ్బ నుంచి చెల్లెలు పైడమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, రేపు పదింటికి బిడ్డను ఉయ్యాల్లో వేస్తాం. మేనమామలు తెచ్చిన ఉయ్యాలే కావాలి. రెక్కలు కట్టుకుని వాలిపోండి!"

ఇంకేముంది! తెల్లారగానే ముగ్గురూ చేతులకి చేటలు కట్టుకుని, ఉయ్యాల మోసుకుని విమానాశ్రయానికి చేరారు. ఎగరడానికి చోటు అదే కదా! విమానాశ్రయమంటే ఒక రేకుల షెడ్డు, ఒక గుమస్తా, నాలుగు మేకలు.

"ఉప్పుదిబ్బ ఎంత దూరం బాబూ?" అన్నాడు గవరయ్య.

"రోడ్డు మీద మూడొందల కిలోమీటర్లు. గాల్లో నూటపదే. సరిగ్గా నలభై నిమిషాలు."

"మిగతా నూటతొంభై ఎవరు తినేశారు?" అన్నాడు అప్పలకొండ.

"ఆ మేకలే," అంది నూకాలు.

గుమస్తా తల పట్టుకుని, "ఆ చేటలు విప్పి విమానం ఎక్కండి," అన్నాడు.

అంతే! ముగ్గురూ ఎగబాకి విమానం నెత్తిమీద కూర్చున్నారు. పైలట్ లబోదిబోమన్నాడు. "లోపల కూర్చోవాలమ్మా!"

"ఎక్కమన్నారు గానీ లోపలికి దూరమన్నారా?" అంది నూకాలు.

పైలట్ వాళ్ళని కిందికి దింపి, ఉయ్యాలతో సహా లోపలికి తోశాడు. ఆ రోజు గాలి అనుకూలించింది. ముప్పై అయిదు నిమిషాలకే విమానం ఉప్పుదిబ్బలో దిగింది. గవరయ్య గడియారం చూసుకున్నాడు. ఇంకా అయిదు నిమిషాల దూరం ఉంది! ఇక్కడ దిగితే ఏ ఉప్పుమడిలోనో పడతారు.

"ఇదే ఉప్పుదిబ్బ! అదిగో బోర్డు!" అన్నాడు పైలట్.

"బోర్డు ఎప్పుడూ ఊరికి ముందే వస్తుందయ్యా," అన్నాడు అప్పలకొండ.

ముగ్గురూ సీట్లు కరుచుకుని కూర్చున్నారు. పైలట్ లాగి లాగి అలిసిపోయాడు. తిరుగు ప్రయాణానికి వేళ మించిపోతోంది. చేసేది లేక విమానం లేపాడు.

అయిదు నిమిషాలు కాగానే గవరయ్య అరిచాడు. "ఆపు, ఆపు!"

"కింద అడవి!"

"అయితే కాస్త పక్కకి తీసి ఆపు!"

ఇంకేముంది, విమానం మళ్ళీ చింతలగుట్టలోనే దిగింది. "చూశారా, మన మేకలు! మనకంటే ముందే వచ్చేశాయి," అంది నూకాలు. నడుచుకుంటూ ఇంటికి చేరారు.

"పైడమ్మ ఇల్లు కూడా అచ్చం మనింటిలాగే కట్టుకుంది. పుట్టింటి మీద ఎంత ప్రేమో!" అని గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. తీరా చూస్తే తలుపుకి తాళం. ముహూర్తం దాటిపోతోందని అప్పలకొండ పెరట్లో దొరికిన గునపంతో తాళం బద్దలుకొట్టాడు. ముగ్గురూ దూలానికి ఉయ్యాల వేలాడదీశారు.

ఫోన్ మోగింది. "ఎక్కడున్నారన్నయ్యా? చూసి చూసి బిడ్డను చీర ఉయ్యాల్లో వేసేశాం!" అంది పైడమ్మ ఏడుపు గొంతుతో.

"మీ ఇంట్లోనే ఉన్నాం. నువ్వే లేవు!"

"ఆ గోడ మీద ఏముంది?"

"నాదీ మీ వదినదీ పెళ్ళి ఫోటో."

"అన్నయ్యా, అది మీ ఇల్లు!"

గవరయ్య గుమ్మంకేసి చూశాడు. తాళం బద్దలై ఉంది. "అమ్మో! మనింట్లో దొంగలు పడ్డారు!" అంతే, తమ్ముడి చేతిలో గునపం కనబడింది. ఎగిరి వాడి మెడ పట్టుకున్నాడు.

అప్పలకొండ గజగజ వణికిపోయాడు. "గట్టిగా పట్టుకో అన్నయ్యా, వీడు పారిపోగలడు!"