గంధం నాటి టోపీ

టోపీ ఇమామప్ప తలకు ఎక్కలేదు.

తెల్లారితే దర్గాలో గంధం ఉత్సవం. గంధం గిన్నెను రెండు చేతులా పట్టుకుని కొండ మెట్లెక్కేవాడు పెద్దస్వామి టోపీ పెట్టుకోవాలి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి టోపీ దానంతటదే తల మీద నిలవాలి. దారిలో పడిందా, ఈ మనిషి పెద్దస్వామికి నచ్చలేదని ఊరంతా అనుకుంటుంది. ఈ ఏడు గిన్నె మోయమని హుసేనయ్య స్వామి ఇమామప్పకు చెప్పాడు. ఇమామప్పకు ఇదే మొదటిసారి.

పెద్దస్వామి అంటే హుసేనయ్య స్వామికి గురువు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన టోపీ నేసింది కాదు, గొర్రె ఉన్నిని తడిపి, ఒత్తి, బాది బిగించింది. పెట్టెలోంచి తీసి చూస్తే ఎండు కొబ్బరి చిప్పలా ఉంది. వేలితో కొడితే టకటకమంది.

ఇమామప్ప పుట్టింది దూది ఏకే ఇంట్లో. మెత్తన చేయడమంటే అతనికి తెలిసిన దారి ఒక్కటే. టోపీని స్వామి ఇంటి అరుగు మీద పెట్టి, సన్నటి కర్ర తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. దూది అయితే ఈపాటికి పొంగి పరుపంత అయ్యేది. టోపీ ఇంకాస్త బిగుసుకుంది. అది మొండికేసేకొద్దీ ఇతనికి ఒళ్ళు మండింది.

పోయిన ఏడు గంధం మోసింది, ఇమామప్పలాగే స్వామి ఇంట్లో ఉండే శిష్యుడు మౌలాలి. ఆ రోజు వాన పడింది. టోపీని పెట్టెలో పెట్టింది కూడా మౌలాలే. ఇంకేం కావాలి? కోపం వచ్చినవాడు సాక్ష్యాలు వెతుక్కోనక్కర్లేదు, అవే వరసకట్టి వస్తాయి.

మౌలాలి బావి నుంచి నీళ్ళు తెస్తుంటే ఇమామప్ప అడ్డం వెళ్ళాడు.

"కావాలనే చేసినావు గదరా! నీ తర్వాత ఇంకెవడూ పెట్టుకోగూడదని తడి టోపీని అట్లనే పడేసినావు!"

మౌలాలి బిందె దించి నిలబడ్డాడు.

"నోరు పడిపోయిందా? దిక్కులేనోడివని స్వామి తెచ్చి అన్నం పెడితే, పెద్దస్వామి టోపీకే ఎసరు పెడతావా?"

అంతటితో ఆగినా బాగుండేది. ఇమామప్ప లోపలికి వెళ్ళి మౌలాలి దుప్పటి, లుంగీలు మూట కట్టి గడప బయటికి విసిరాడు. వెనకాలే చెంబు కూడా విసిరాడు. అది దొర్లుకుంటూ వేపచెట్టు దాకా పోయింది. మౌలాలికి ఆ ఇల్లు తప్ప ఇంకో చోటు లేదు. ఆ సంగతి ఇమామప్పకు తెలుసు. తెలిసే విసిరాడు. ఇతని మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మౌలాలి చెంబు తెచ్చుకుని, మూట పక్కన ఎండలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం స్వామి పక్క ఊరి నుంచి వచ్చాడు. బయట మూటను చూశాడు, మౌలాలిని చూశాడు. లోపలికి వచ్చి టోపీని చూశాడు. ఇమామప్ప ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పాడు.

"ఈ టోపీని పాడు చేసినోడు గడప లోపల ఉండేదానికి లేదు స్వామీ. ఉంటే నేనుండను. ఏదో ఒకటి మీరే చెప్పండి."

"నీళ్ళు కాగబెట్టు" అన్నాడు స్వామి.

నీళ్ళు మరిగేలోపు మెత్తటి గుడ్డతో టోపీ మీది దుమ్మును ఒకే వైపుకు తుడిచాడు. తర్వాత దాన్ని మంటకు దూరంగా, నీళ్ళకు తగలకుండా, ఆవిరి మీద పట్టుకున్నాడు. వేడెక్కిన చోట బొటనవేళ్ళతో నెమ్మదిగా నొక్కి, కొంచెం సాగదీసి, మళ్ళీ ఆవిరి పట్టాడు. మళ్ళీ నొక్కాడు.

ఇమామప్పకు కాళ్ళు నిలవడం లేదు. "ఇట్లయితే పొద్దు మునుగుతుంది స్వామీ. ముందు వాణ్ణి పంపిచ్చే మాట చెప్పండి."

"ఇంతసేపు కొట్టినావే, మెత్తగైందా?"

"లేదు."

"ఇది పుట్టిందే దెబ్బలతో. ఇంకో నాలుగు దెబ్బలకు జడుస్తాదా?"

అంచు నుంచి పైదాకా టోపీ మెత్తబడింది. స్వామి దాన్ని వేడివేడిగా తెచ్చి ఇమామప్ప తల మీద పెట్టి కిందికి లాగాడు. ఈసారి ఎక్కింది. చెవులు కాలుతున్నాయి.

"కదలొద్దు. చల్లారేదాకా ఏ తల మీద ఉంటే ఆ తలకు కుదురుతాది."

ఇమామప్ప గోడకు ఆనుకుని బిగుసుకుని కూర్చున్నాడు. స్వామి అతని ఎదురుగా కూర్చుని చేతులు తుడుచుకున్నాడు.

"పోయిన ఏడు మౌలాలి టోపీని నీడలో ఆరేసినాడు. తొందరగా ఆరుతాదని పొయ్యి పక్కకు జరిపింది నేను. జరిపి నిద్రపోయినాను. మాడు వాసనొస్తే పరిగెత్తి తీసింది వాడు. లేకుంటే నీకీ పొద్దు కొట్టేదానికి కూడా టోపీ ఉండేది కాదు."



స్వామి మోకాళ్ళు పట్టుకుని లేచి, చేతికర్ర అందుకుని గుమ్మం వైపు నడిచాడు.

"యాడికి స్వామీ?"

"పాడు చేసినోడు గడప లోపల ఉండగూడదంటివి గదా."

గడప దాటి వెళ్ళి, మూటకు ఇటు పక్కన నేల మీద కూర్చున్నాడు. అటు పక్కన మౌలాలి ఉన్నాడు. ఎండ మండిపోతోంది.

లోపల ఇమామప్ప చాలాసేపు కదల్లేదు. టోపీ కోసమో, సిగ్గుతోనో అతనికే తెలియాలి. చివరికి లేచి బయటికి వచ్చాడు. అప్పటికీ కోపం పూర్తిగా పోలేదు, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు మౌలాలితో. "పొద్దున్నుంచీ అన్ని మాటలంటా ఉంటే ఒక్క మాట చెప్పొద్దా?"

మౌలాలి తలెత్తి చూశాడు.

"నువ్వు అడిగింటే చెప్పేవాణ్ణి గదన్నా."

ఇమామప్ప వంగి, ఆ మూటను రెండు చేతులా ఎత్తుకుని గడప దాటి లోపలికి నడిచాడు. టోపీ తల మీదే ఉంది.